పొయ్యి నాలుగులో బియ్యం నిండుకున్నాయి

నమోదు 61

పొయ్యి నాలుగు. సంస్థ పేరు ముద్ద. బాధ్యులు వకుళ, షమీమ్. ఇంతవరకు రాస్తే చాలంటారు ఇంక్యుబేషన్ ఆఫీసు వాళ్ళు. నాకు చాలదు. రోజూ పొయ్యి ఆర్పాక నమోదు రాసి డీన్ ఆఫీసుకు పంపాలన్నది వాళ్ళు పెట్టిన నియమం కనుక, అందులో ఏం రాయాలన్నది నేను పెట్టుకుంటాను. చదివేవాళ్ళు చదవండి. చదవనివాళ్ళు ముద్ర కొట్టి పక్కన పడేయండి.

పని మామూలే. ఎండ సైరన్ మోగాక నీడబస్సులు నడవవు కనుక, తెల్లారీ తెల్లారకముందే గేటు దాటి లోపలికి వచ్చాం. షమీమ్ ఆపా చింతపండు పిసికింది. ఆమె నాకంటే పెద్దది. ఈ వ్యాపారంలో సగం ఆమెది, కోపంలో మాత్రం ముప్పావు వంతు నాది. నేను కందిపొడికి పప్పులు వేయించి, పులిహోరకి తాలింపు వేశాను. ఆ వాసనకి హాస్టల్ పిల్లలు కిటికీ బయట వరస కట్టారు. వాళ్ళు పుట్టేనాటికే ఇళ్ళలో పొయ్యిలు పోయాయి. సెగ చట్టం వచ్చాక ఇంటికో వెచ్చబెట్టె ఇచ్చారు. కంపెనీ పొట్లాన్ని అందులో పెడితే వేడెక్కుతుంది, అంతకుమించి దానికేమీ రాదు. ఆవాలు చిటపటమనడం మొదటిసారి విన్నరోజు ఒక పిల్ల భయపడి వెనక్కి గెంతింది. ఇప్పుడు ఆ పిల్లే అందరికంటే ముందు నిలబడుతోంది.

నిప్పు మిగిలింది క్యాంపస్ వంటశాలల్లోనే. కొత్తగా తిండి వ్యాపారం పెట్టుకునేవాళ్ళకి యూనివర్సిటీ తలా ఒక పొయ్యి ఇస్తుంది. టర్ము ముగిసేదాకా మచ్చ పడకుండా నడిపితే నిప్పు పట్టా వస్తుంది. పట్టా చేతికొస్తే సొంత చోట సొంత పొయ్యి వెలిగించుకోవచ్చు. మా ఇద్దరికీ పిడుగురాళ్ళలో ఒక గది చూసిపెట్టుకున్నాం. పొయ్యి ఏ గోడ పక్కన ఉండాలన్నదాని మీద రోజూ పోట్లాడుకుంటాం. ఇది మా టర్ములో ఆఖరి నెల. ఈ పట్టా కోసం ఇద్దరం ఎన్ని వదులుకున్నామో ఇక్కడ రాయను, ఆఫీసువాళ్ళకి అనవసరం.

మధ్యాహ్నానికి బియ్యం అడుగుకొచ్చాయి. ఆపా డబ్బా వంచి చూసి, బియ్యం నిండుకున్నాయని పైకి చెప్పింది. మొన్నటిదాకా గోడకి మీటలుండేవి. జిడ్డు చేతులతో మీటలు పాడైపోతున్నాయని వాటిని పీకేసి, చెవులున్న యంత్రాన్ని తగిలించారు. పేరు భాండారి. ఏది అయిపోతే అది నోటితో చెబితే చాలట, గోడౌన్లోంచి బెల్టు మీద వచ్చేస్తుందట. ఆపా మాట విని భాండారి ఎంతో మర్యాదగా "సంతోషం" అంది. బియ్యం రాలేదు.

నమోదు 62

బియ్యం రాలేదు. ఆరో పొయ్యి హైమక్కని అడిగి ఒక పూటకి సరిపడా తెచ్చుకున్నాం. ఆమె పెసర పునుగులు చేస్తుంది, బియ్యంతో ఆమెకి పెద్ద పనుండదు.

వినపడలేదేమోనని ఈసారి నేను గొంతు పెంచి చెప్పాను, బియ్యం నిండుకున్నాయని. "చాలా సంతోషం, నమోదు చేశాను" అంది భాండారి. మన డబ్బా ఖాళీ అయితే దీనికేం సంతోషమని ఆపా విసుక్కుంది. మూడోసారి చెబితే అభినందించింది. మా వంటశాలలో అందరం దానికి ఆరిందా అని పేరు పెట్టేశాం. అన్నీ తనకే తెలిసినట్టు మాట్లాడుతుంది, చేతికి మాత్రం గింజ రాల్చదు.

హాస్టల్‌కి సగం పులిహోరే పంపగలిగాం. వార్డెన్ మొహం మాడ్చుకుంది. తప్పు ఆమెది కాదు కనుక నేను తిరిగి ఏమీ అనలేదు. అనకుండా ఉండటం నాకు ఎంత కష్టమో ఆపాకి తెలుసు.

నమోదు 64

నిన్న రాయలేదు. రాసే ఓపిక లేదు. ఈ రోజు జరిగింది మాత్రం వివరంగా రాస్తాను.

వంటశాల మధ్యలో ఒక చిన్న దీపం ఉంటుంది. పొయ్యిలన్నీ దాన్నుంచే వెలిగించుకోవాలి, అగ్గిపెట్టె లోపలికి తీసుకురాకూడదు. పొద్దున కొత్త ఫ్యాను గాలికి అది పోయింది. హైమక్క చూసి, అయ్యో దీపం కొండెక్కిందే అంది. మేం ఆఫీసుకు కబురు పంపే లోపలే నిప్పు సైరన్ మోగింది. వంటశాలలోని నిప్పు అనుమతి లేని ప్రాంతానికి, అంటే కొండ మీదికి చేరిందని ఆరిందా క్యాంపస్ మొత్తానికి చాటింది.

క్యాంపస్ వెనక నిజంగానే ఒక కొండ ఉంది. సున్నపురాయి కొండ, గడ్డిపరక మొలవదు. గార్డు ఏసోబు నురుగు సిలిండరు భుజానికెత్తుకుని, ఆ ఎండలో కొండంతా వెతికాడు. తిరిగొచ్చేసరికి పెదాలు పగిలిపోయి ఉన్నాయి. దీపాన్ని పైకి తీసుకెళ్ళింది ఎవరో మర్యాదగా చెప్పమని గుడ్లురిమాడు. అతనికి మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాం. సంగతి అర్థమయ్యాక అతనే ముందు నవ్వాడు, తర్వాత యంత్రాన్ని తిట్టాల్సినవన్నీ తిట్టాడు.

అందరూ నవ్వుతుంటే నాకు నవ్వు రాలేదు. కొండెక్కిందంటే కొండ ఎక్కిందనుకున్న యంత్రం, నిండుకున్నాయంటే ఏమనుకుని ఉంటుంది? వెంటనే అడిగాను, పొయ్యి నాలుగులో బియ్యం ఎంత ఉన్నాయని.

"డబ్బా నిండా ఉన్నాయి. మీరే పలుమార్లు తెలియజేశారు. అయినా ఇతర పొయ్యిల నుంచి బియ్యం సేకరిస్తున్నారు కనుక అక్రమ నిల్వ నోటీసు జారీ చేశాను" అంది ఆరిందా.

ఆకలి ఏడాది తర్వాత పుట్టినవాళ్ళకి ఈ మాట బరువు తెలియకపోవచ్చు. మా కాలంలో అక్రమ నిల్వ అంటే దొంగతనం కంటే నీచం. అది రుజువైతే పొయ్యికి సీలు వేస్తారు. సీలు పడ్డ పొయ్యివాళ్ళకి నిప్పు పట్టా రాదు, ఆ జన్మకి రాదు. ఖాళీ డబ్బా పక్కన నిలబడి ఆ నోటీసు విన్నాం. ఆపా తల మీద ముసుగు సర్దుకుని ఒక మూల కూర్చుండిపోయింది.

నమోదు 65

డీన్ శశిభూషణ్ గారు స్వయంగా వచ్చారు. చిన్నవాడే, సత్తెనపల్లి మనిషి, ఎవరితోనూ దురుసుగా మాట్లాడడు. జరిగింది విని తల గోక్కున్నాడు. తప్పు యంత్రానిదేనని ఒప్పుకున్నాడు కూడా. అందుకని యంత్రాన్ని బాగుచేయిస్తాడనుకుంటే పొరపాటు. దేశంలో క్యాంపస్‌లన్నిటికీ ఒకటే భాండారి, కంపెనీవాళ్ళది, ఒప్పందం ముగిసేదాకా దాని భాష ముట్టుకోవడానికి వీల్లేదట. మన భాషని ముట్టుకోవడానికి మాత్రం వీలుందట. మధ్యాహ్నానికల్లా గోడకి బోర్డు వచ్చేసింది.

బియ్యం లేవు అనాలి. నూనె లేదు అనాలి. దీపం ఆరిపోయింది అనాలి. సాయంత్రం బయల్దేరేటప్పుడు వెళ్ళొస్తాను అనకూడదు, వెళ్ళిపోతున్నాను అనాలి. ఎందుకంటే వెళ్ళొస్తామని చెప్పినవాళ్ళ కోసం ఆరిందా తలుపు తాళం వేయకుండా ఎదురుచూస్తోందట. ఆ ఒక్క సంగతిలో దాని మీద నాకు కాస్త జాలి కలిగింది.

నోటీసు కొట్టేయడానికి దారి కూడా డీన్ గారే చెప్పారు. ఎల్లుండి కంపెనీ తనిఖీ అధికారి వస్తాడు, అతను డబ్బాల్లోకి చూడడట, భాండారి విన్నదే లెక్కట. అతని ముందు నేనో ఆపానో భాండారికి ఎదురుగా నిలబడి, పొయ్యి నాలుగులో బియ్యం లేవు అని చెప్పాలి. చెబితే లెక్క సరిపోతుంది, పొయ్యి నిలుస్తుంది, పట్టా వస్తుంది.

"ఒక్క మాటే కదా మేడం" అన్నారు డీన్ గారు. "అనేస్తే పోలా?"

"ఒక్క మాటే కదండి" అన్నాను. "దాన్నే నేర్చుకోమనండి."

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

నమోదు 66

ఆపాకీ నాకూ పెద్ద పోట్లాట. ఇంతకుముందు గోడల మీదా కిటికీల మీదా పోట్లాడుకున్నాం కానీ ఇలాంటిది ఎప్పుడూ రాలేదు.

ఆపా అడిగింది సబబైన ప్రశ్నే. మాట పట్టుకుని వేలాడితే పొయ్యి పోతుంది, పొయ్యి పోతే గది పోతుంది, ఇన్నాళ్ళ కష్టం గంగలో కలుస్తుంది, నీ పౌరుషానికి నేనెందుకు బలి కావాలంది. నేను కెమిస్ట్రీ చదివినదాన్ని. లేవు అంటే లక్ష్మి అలిగి వెళ్ళిపోతుందని నేను నమ్మను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అద్దం ముందు నిలబడి అనడానికి ప్రయత్నించాను కూడా. బియ్యం దాకా వస్తుంది, ఆ తర్వాత నోరు రాదు.

"నువ్వు అనకు, నేనంటా. నువ్వు బయటికి పో" అంది ఆపా.

నేను బయటికి పోలేదు. ఆమె భాండారి ముందు నిలబడి, బియ్యం అని మొదలుపెట్టి, ఆగి, మింగి, మళ్ళీ మొదలుపెట్టి చివరికి, "బియ్యం అల్లా ఇస్తాడు" అంది. అల్లా అనే సరఫరాదారు తన జాబితాలో లేరని, ఫోన్ నంబరు చెబితే చేర్చుకుంటానని ఆరిందా అంది. ఆపా కాసేపు దానివంకే చూసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, వాళ్ళ ఇంట్లోనూ ఎవరూ లేవు అని అనరని చెప్పింది. వాళ్ళ నాన్న ఎవరైనా పొరపాటున అంటే మూతి మీద కొట్టేవాడట.

అప్పుడు ఆమెకి చెప్పాను. ఇక్కడ కూడా రాస్తున్నాను, ఆఫీసువాళ్ళు చదివితే చదవనీ.

ఆకలి ఏడాది నేను బడికి వెళ్ళే వయసులో ఉన్నాను. కాలవలు ఎండిపోయి, ధాన్యం రైళ్ళు ఆగిపోయిన ఏడాది అది. అమ్మ రోజూ పొద్దున డబ్బా మూత తీసి చూసి మళ్ళీ పెట్టేది. మేం ముగ్గురం ఆమె మొహంలోకి చూసేవాళ్ళం. నిండుకున్నాయి తల్లీ, తెచ్చుకుందాం అనేది. రోజూ అదే మాట, అదే గొంతుతో. ఆ డబ్బాలో ఏమీ లేదని మాకు తెలుసు, మాకు తెలుసని ఆమెకి తెలుసు. అయినా లేవు అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. వచ్చి ఉంటే ఆ రోజే మేం అడుక్కునేవాళ్ళం అయిపోయేవాళ్ళం. నిండుకున్నాయి అన్నంతకాలం మాది బియ్యం అయిపోయిన ఇల్లు, అంతే. అయిపోయిన ఇంటికి మళ్ళీ వస్తాయి. మా చెల్లెలు ఆ ఏడాది దాటలేదు. అది కూడా చివరిదాకా, బియ్యం వచ్చాక పులిహోర చేయమనే అడిగింది.

అమ్మ అబద్ధం చెప్పిందని ఒక యంత్రం రాసుకుంటే ఊరుకోను. ఊరుకోలేను.

ఆపా నా చేతిలో గరిటె తీసుకుని కడిగి పెట్టింది. కాసేపటికి, పిడుగురాళ్ళ గదిని ఇంకెవరికైనా ఇచ్చుకోమని దాని యజమానికి కబురు పెట్టేద్దామా అని అడిగింది. పెట్టేద్దాం అన్నాను.

నమోదు 67

తనిఖీ అధికారి వచ్చాడు. పొడుగ్గా, శుభ్రంగా ఉన్నాడు. తెలుగు రాదు. చెవిలో చిన్న బొత్తాం పెట్టుకున్నాడు, మనం మాట్లాడింది అది అతని భాషలో చెబుతుంది. ఆ బొత్తాంలో కూర్చున్నది కూడా ఆరిందాయేనని మాకు ముందు తెలియదు.

పొయ్యిలవాళ్ళందరం వరసగా నిలబడ్డాం. నా పేరు పిలిచారు. నేను కదల్లేదు. ఆపా పేరు పిలిచారు. ఆమె నా పక్కకి ఇంకాస్త జరిగింది. డీన్ గారికి చెమటలు పట్టాయి. మేం బెదిరిపోయామనుకున్నాడో, నిజంగానే మమ్మల్ని కాపాడాలనుకున్నాడో, ఇది ఎంత తేలికో నేను చూపిస్తానంటూ ముందుకొచ్చాడు. ఆయన మాటతో కూడా నోటీసు కొట్టేయవచ్చట.

మా డబ్బా తీసుకున్నాడు. మూత తీశాడు. లోపలికి వంగి చూశాడు. అడుగున నాలుగు గింజలున్నాయి. ఆ గింజల్ని చూస్తూ మొదలుపెట్టాడు.

"పొయ్యి నాలుగులో బియ్యం..."

ఆగాడు. గొంతు సవరించుకున్నాడు.

"బియ్యం నిండుకున్నాయి" అన్నాడు.

ముందు హైమక్క నవ్వింది. దాంతో వంటశాల మొత్తం నవ్వింది, గుమ్మంలో ఏసోబుతో సహా. ఆరిందా సంతోషం అంది. అధికారి చెవిలో బొత్తాం ఏం చెప్పిందో గానీ అతను చప్పట్లు కొట్టాడు. బియ్యం నిండుగా ఉన్నట్టు డీన్ గారే చూసి ధ్రువీకరించారు కనుక నిల్వ నేరం రుజువైందన్నాడు. కావాలంటే ఇంకోసారి చూసి చెప్పమన్నాడు.

డీన్ గారు ఇంకోసారి డబ్బాలోకి చూశారు. చాలాసేపు చూశారు. ఆయన మెడ ఎర్రబడింది. తర్వాత నావైపు తిరిగి, మెల్లగా అన్నారు.

"రావట్లేదు మేడం."

ఆ మనిషి మీద అప్పటిదాకా ఉన్న కోపం నాకు ఆ మాటతో పోయింది. ఆయన ఇంట్లోనూ ఒక డబ్బా ఉండి ఉంటుంది. ఆయన అమ్మా దాని మూత తీసి చూసి ఉంటుంది.

అధికారి నన్ను ఆఖరిసారి అడిగాడు. నేను భాండారి ముందుకు వెళ్ళాను. వంటశాలంతా నావంకే చూస్తోంది.

"రాసుకో" అన్నాను. "పొయ్యి నాలుగులో బియ్యం నిండుకున్నాయి. ఉప్పు నిండుకుంది. నూనె నిండుకుంది. నా ఓపిక కూడా నిండుకుంది. ఎన్నిసార్లు అడిగినా ఇదే చెబుతాను."

నాలుగుసార్లు సంతోషం అంది అది. పొయ్యికి సీలు వేశారు. పట్టా దరఖాస్తు రద్దు చేసినట్టు కాగితం ఇచ్చారు. తర్వాత అధికారి ఐదో పొయ్యి మొదలుకొని ఒక్కొక్కరినీ బోర్డు మీది మాటలు చదవమన్నాడు. ఐదో పొయ్యి అతను తన గరిటె తీసుకుని బయటికి నడిచాడు. హైమక్క పునుగుల పిండి గిన్నె చంకనెత్తుకుని అతని వెనకే వెళ్ళింది. మిగిలినవాళ్ళూ అంతే. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు.

నీడబస్సులో నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆ పిడుగురాళ్ళ గదిలో కిటికీ తూర్పుకే పెట్టి ఉండేవాళ్ళం, నిజానికి ఆపా చెప్పిందే సరైనది.

నమోదు 68

పొయ్యి లేనివాళ్ళు నమోదు పంపనక్కర్లేదు. అయినా పంపుతున్నాను.

గేటు బయట రోడ్డుకి అవతల సోలార్ పలకల వరస ఉంది. వాటి కింద రోజంతా నీడే. పొద్దున్నే అక్కడ మూడు రాళ్ళు పెట్టాం. పత్తికట్టె ఏసోబు వాళ్ళ చేలోంచి వచ్చింది. బియ్యం ఊళ్ళోంచి వచ్చాయి. ఇళ్ళలో పొయ్యిలు తీసేసిన ప్రభుత్వం రేషన్ బియ్యం ఆపడం మరిచిపోయింది. వెచ్చబెట్టెలో అన్నం ఉడకదు కనుక ప్రతి ఇంట్లోనూ ఆ బియ్యం మూలుగుతున్నాయి, కోళ్ళకి వేస్తున్నారు. మేం వండుతున్నామని తెలిసి గిన్నెలతో, చెంగుల్లో పోసుకుని తెచ్చారు. ఒకామె దోసిట్లో పట్టినన్నే తెచ్చి, మా వాడికి నిప్పు మీద ఉడికిన అన్నం పెట్టాలమ్మా అంది.

బహిరంగంగా నిప్పు వెలిగించడం నేరమని మాకు తెలుసు. తెలిసే వెలిగించాం. పొగ నిటారుగా పైకి లేచింది, క్యాంపస్ మొత్తానికి కనపడేలా. హాస్టల్ పిల్లలు గేటు దాటి వచ్చారు. ఈసారి వాళ్ళ మధ్యా మా మధ్యా కిటికీ లేదు. ఆవాలకి గెంతిన పిల్ల చేతికే తాలింపు గరిటె ఇచ్చాను. డీన్ గారు మెడలో కార్డు తీసి జేబులో పెట్టుకుని, వరసలో తన వంతు వచ్చేదాకా నిలబడ్డారు. ఆకు మీద ముద్ద పడ్డాక మెతుకు మిగల్చకుండా తిన్నారు. ఈ నమోదు రేపు ఆయన బల్ల మీదికే వెళ్తుంది. వెళ్ళనీ, ఆయన తిన్నది నిజం.

ఎండ సైరన్ మోగడానికి కాస్త ముందు అగ్నిమాపక దళం బండి వచ్చింది. అందులోంచి ఒక్క జవాను దిగాడు. మధ్యవయసు మనిషి, ఎప్పుడూ చూడలేదు. చేతిలో నురుగు సిలిండరు. వెలిగించింది ఎవరని అడిగాడు. "నేను" అన్నాను. "నేను" అంది ఆపా. "నేను" అంది హైమక్క. వరసలో ఉన్నవాళ్ళూ అనడం మొదలుపెట్టేసరికి అతను పేర్లు రాసుకోవడం మానేశాడు.

సిలిండరు ముక్కు పొయ్యివైపు తిప్పాడు. నేను పొయ్యికి అడ్డంగా నిలబడ్డాను. భయం వేసింది, కానీ పక్కకి జరగలేదు. అతను నన్ను చూడలేదు. నా పక్కనున్న గుండిగ వంక చూస్తున్నాడు. ముక్కుపుటాలు ఎగరేశాడు. తర్వాత ఎవరికీ వినపడకుండా, కాస్త సిగ్గుపడుతూ అడిగాడు.

"ఏమన్నా మిగిలిందా అమ్మా?"

గుండిగ అడుగు అప్పుడే గీకి చివరి పిల్లకి పెట్టాను.

"నిండుకుందయ్యా" అన్నాను.

దీనికి అతను సంతోషం అనలేదు. లోపలికి వంగి చూడనూ లేదు. అర్థమైనట్టు తలాడించి, సిలిండరుని భుజానికి తగిలించుకుని బండి దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"అయితే రేపు ఒక గుప్పెడు ఎక్కువ పోయండి" అన్నాడు.

బండి వెళ్ళిపోయింది. ఆపా నిప్పులన్నీ ఒక దగ్గరికి జరిపి, రేపటిదాకా ఆరిపోకుండా వాటి మీద బూడిద కప్పింది.